తమ్ముడు తెచ్చిన రిపోర్టు

ఆగండి, ఒక్క నిమిషం చేతిలో పని పక్కన పెట్టి వినండి. ఈ కథని మధ్యలోంచి విన్నవాళ్లందరికీ గిరిబాబు బంగారంలాంటి తమ్ముడిలాగే కనిపిస్తాడు మరి. అక్కని రైలెక్కించి కలకత్తా తీసుకెళ్లేది అతనే, ఫైలు చంకలో పెట్టుకుని లైన్లో నిలబడేది అతనే, డాక్టరు ముందు చేతులు కట్టుకునేది అతనే. మొదట్నుంచి వింటేనే ఆ మనిషి ఎందుకు తలెత్తి నడవడో తెలుస్తుంది.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాల షాపు ఉంది కదా, అందులో గిరిబాబు పని ఇరుసులు పరీక్ష చెయ్యడం. కంటితో చూస్తే సరిపోదు. ఇరుసు చివర నూనె రాసి, చిన్న బిళ్లలాంటి ప్రోబు ఆనించి, మిషను తెరమీద గీత ఎక్కడ ఎగురుతుందా అని చూడాలి. పైకి అద్దంలా మెరిసే ఇరుసు లోపల వెంట్రుకంత పగులు దాక్కుని ఉండొచ్చు, అది ఏదో ఒక రోజు బండి పరిగెడుతుంటే విరుగుతుంది. అందుకే పరీక్ష చెయ్యకుండా పాస్ ముద్ర కొట్టినవాడితో షాపులో ఎవ్వరూ కలిసి టీ కూడా తాగరు. పదకొండేళ్లలో గిరిబాబు అలాంటి ముద్ర ఒక్కటి కూడా కొట్టలేదు. షాపులో మాత్రం కొట్టలేదు.

అక్క పేరు సత్యవాణి. శ్రీకాకుళం వైపు నుంచి మూడు తరాల కింద వచ్చిన కుటుంబం వీళ్లది, ఇంట్లో అక్కని ‘అప్ప’ అనే పిలుస్తారు. అతనికంటే తొమ్మిదేళ్లు పెద్దది. మొగుడు సర్వీసులో ఉండగానే గుండె ఆగి పోయాడు, ఆ ఉద్యోగం బదులు ఆమెకి వర్క్‌షాపు టైమాఫీసులో ప్యూన్ పని ఇచ్చారు. పిల్లల్లేరు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో తల్లి అప్పలనర్సమ్మతో కలిసి ఒక క్వార్టర్‌లో ఉంటుంది, గిరిబాబూ పెళ్లాం రాధారాణీ ఆ పక్క క్వార్టర్‌లోనే. పొద్దున్నే అక్కాతమ్ముళ్లిద్దరూ కలిసే వర్క్‌షాపు గేటుదాకా నడిచేవాళ్లు. గిరిబాబుకి ఎక్కాలు నేర్పిందీ, ఐటీఐ ఫారం తనే నింపి లైన్లో నిలబడి ఇచ్చిందీ ఆమే.

కిందటేడాదికి ముందు ఏడాది దుర్గాపూజకి, సప్తమి రోజు, సత్యవాణి ఝపటాపూర్ బజార్లో కూరలు బేరమాడుతూ ఉన్నట్టుండి కడుపు పట్టుకుని కూలబడిపోయింది. జనం ఎత్తుకుని దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోంకి తీసుకెళ్లారు. అపెండిక్సు, వెంటనే కొయ్యాలన్నారు, కోసేశారు. అయ్యాక పెద్ద డాక్టరు గిరిబాబుని పిలిచి ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా చేతిలో పెట్టాడు. లోపల నీళ్లలాంటి మందులో వేలంత ముక్క తేలుతోంది. మామూలు వాపులా లేదు, బాగా ఉబ్బిపోయి చివర పగిలింది, చుట్టూ జిగురు కనపడింది, గోల్‌బజార్‌లో ల్యాబుకి ఇచ్చి పరీక్ష చేయించు, మర్చిపోవద్దు అని చెప్పి చీటీ కూడా రాసిచ్చాడు. మర్చిపోవద్దు అని రెండుసార్లు చెప్పాడు. గిరిబాబు రెండుసార్లూ తల ఊపాడు.

వెళ్లాడు, వెళ్లలేదని కాదు. టిఫిన్ సంచిలో డబ్బా పెట్టుకుని సైకిల్ మీద గోల్‌బజార్ వెళ్తే ల్యాబు షట్టరు దించేసి ఉంది. పూజ సెలవులు, దశమి తర్వాత తీస్తాం అని కాగితం అంటించారు. సరే అనుకుని ఇంటికొచ్చాడు. సంచి వంటింటి గట్టు మీద పెట్టాడు, అక్కడే అప్పలనర్సమ్మ దాన్ని విప్పింది.

ఏట్రా ఇది ఊరగాయా అని అడిగి, కాదు అప్ప అపెండిక్సు అని వినగానే ఆమె ముఖం మాడిపోయింది.

“బతికున్న మనిషి ఒంట్లో ముక్కని డబ్బాలో ఊరబెట్టి బజారంతా తిప్పుతావేట్రా నువ్వు? మాయనేటి సేస్తాం మనం? మట్టిలో కలిపితేనే కదా మనిషి కోలుకుంటాది.”

వాళ్ల ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డ వెంట వచ్చిన మాయా ఆ క్వార్టర్ల వెనకే పాతారు. ఉప్పూ పసుపూ వేసి, కుక్కలు తవ్వకుండా పైన రాయి పెట్టి, అదీ పొద్దుపోకముందే. ఒంట్లోంచి వచ్చింది మట్టికే పోవాలి, ఆలస్యమైతే తల్లికి జ్వరమొస్తుంది. అప్పలనర్సమ్మకి తెలిసింది అదే, ఆమెనేం అనగలం? పరీక్ష అంటే ఏంటో ఆమెకి తెలీదు. గిరిబాబుకి తెలుసు. అసలు పాయింటు అదే. ఇది పరీక్షకి పంపాలమ్మా, మూడ్రోజులు ఆగు అని ఒక్క మాట చెప్తే ముసలమ్మ సణుక్కుంటూ ఊరుకునేది. చెప్పలేదు. బయట పందిట్లో ఢాకీలు పూజ డోళ్లు వాయిస్తున్నారు, తల్లి ఏడుపు మొదలెట్టింది, ఆ వస్తువు ఇంట్లో ఉండటం అతనికీ ఒళ్లు జలదరిస్తోంది, ఎలాగూ ల్యాబు మూసేశారు, అపెండిక్సే కదా, షాపులో సగంమందికి తీసేసి ఉంటారు, ఒక్కడికైనా ఏమైంది అనుకున్నాడు. పార తీసుకుని వెనక్కెళ్లాడు. మందు కాలవలో పోస్తే కళ్లు మండాయి. ముక్కని మట్టిలో పెట్టి, తల్లి పసుపు చల్లితే, పైన రాయి పెట్టాడు. పాతింది పైకి చెప్పకూడదని ముసలమ్మకి పట్టింపు, ఆ తర్వాత కూతురితో కూడా ఆ మాట ఎత్తలేదు.

వారం తర్వాత కుట్లు విప్పడానికి వెళ్తే పెద్ద డాక్టరు సెలవులకి పూరీ వెళ్లాడట, ఒక కుర్ర డాక్టరు కూర్చున్నాడు. కుట్లు విప్పుతూ, రిపోర్టు వచ్చిందా అని బెంగాలీలో అడిగాడు. అప్ప బల్లమీద పడుకుని తమ్ముడి వంకే చూస్తోంది. పాతిపెట్టేశానని ఏ మొహంతో చెప్తాడు?

వచ్చింది, నార్మల్ అన్నాడు గిరిబాబు.

ఆ డాక్టరు కాగితం మీద అదే రాసేశాడు, రిపోర్టు నార్మల్ అని. అప్ప ఇంటికెళ్లే దారిలో రిక్షా ఆపించి తెలుగువాళ్ల గుడిలో కొబ్బరికాయ కొట్టింది. మా తమ్ముడు పూజ సెలవుల్లో కూడా తిరిగి తిరిగి రిపోర్టు తెచ్చాడని పూజారికి చెప్పింది, పక్కింటి సుజాతమ్మకి చెప్పింది, టైమాఫీసు మొత్తానికి చెప్పింది. ఆ కొబ్బరి ముక్క గిరిబాబు నములుతూనే ఉన్నాడు, మింగుడు పడలేదు. పడకపోతే మాత్రం, నోరు తెరిచాడా? లేదు.

ఏడాది గడిచింది. గిరిబాబు మర్చిపోయాడు అనలేం గానీ, మర్చిపోయినట్టు ఉండటం అలవాటు చేసుకున్నాడు. అప్పుడు సత్యవాణి కడుపు పెరగడం మొదలైంది.

ముందు గ్యాస్ అనుకుంది. తర్వాత ఒళ్లు వచ్చిందనుకుంది. కానీ చేతులు సన్నబడుతున్నాయి, మెడ ఎముకలు తేలుతున్నాయి, కడుపు ఒక్కటే ముందుకొస్తోంది. మొగుడు పోయి ఆరేళ్లయిన ఆడది, కడుపు ఎత్తుగా కనపడితే సెటిల్‌మెంట్ ఊరుకుంటుందా? కుళాయి దగ్గర ఆడవాళ్లు వేళ్లమీద నెలలు లెక్కపెట్టారు. షాపులో ఒకడు గిరిబాబు వినేట్టుగానే, ఏటి మావా మేనల్లుడొస్తున్నాడంట కదా, మాకు స్వీటు పెట్టవా అన్నాడు, మిగతావాళ్లు టీ గ్లాసుల్లోకి నవ్వారు.

వాడి చొక్కా పట్టుకోవాల్సింది గిరిబాబు. అలా చెయ్యకుండా ఇంకోటి చేశాడు, చెప్పడానికే సిగ్గేస్తుంది. మర్నాటి నుంచి అప్ప బయల్దేరకముందే సైకిలెక్కి వెళ్లిపోవడం మొదలెట్టాడు. కలిసి నడవడం మానేశాడు. ఆమె గేటు దగ్గర కనపడితే చక్రాల షాపు వైపు తిరిగిపోయేవాడు. పైగా ఒక సాయంత్రం, నువ్వే ఎలాగోలా అడుగు, ఎవడో కనుక్కో అని రాధారాణితో అన్నాడు. రాధారాణి చేతిలో గరిట కింద పెట్టి అతన్ని పైకీ కిందకీ చూసింది. “నానెందుకడగాల? నీ అప్ప కాదేటి? నీకు మొహం సెల్లకపోతే ఊరుకో, ఆవిడ మీద మాత్రం ఆ మాట తేకు” అంది.

అయినా సత్యవాణికి అర్థమైపోయింది. రోజూ కలిసి నడిచేవాడు ఎందుకు ముందే వెళ్లిపోతున్నాడో ఒకరు చెప్పాలా? ఆదివారం మధ్యాహ్నం వచ్చి గిరిబాబు ఎదురుగా మంచం మీద కూర్చుంది. అతని చెయ్యి పట్టుకుని తన కడుపు మీద గట్టిగా ఆనించుకుంది. పిండిముద్దలా ఉంది కడుపు, ఎక్కడ నొక్కితే అక్కడ బరువు.

“సూడు,” అంది. “ఇది కదల్దురా గిరీ. ఎంతసేపు పెట్టినా కదల్దు. ఊరోళ్లనుకుంటే అనుకున్నారు గానీ, నువ్వూ అనుకున్నావేటి?”

ఆమె ఏడవలేదు. అతనే ఏడ్చాడు. ఇరుసు మీద ప్రోబు పెట్టి లోపలేముందో చెప్పే చెయ్యి అది, అక్క కడుపు మీద పదహారు నెలలు ఆలస్యంగా పడింది.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగాయి. రైల్వే ఆసుపత్రిలో స్కాను తీసిన డాక్టరు అదే రోజు కలకత్తాలో ఒక పెద్ద క్యాన్సర్ ఆసుపత్రికి రాసిచ్చాడు. హౌరా లోకల్లో కిటికీ పక్క సీటు అప్పకిచ్చి, గిరిబాబు ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ ఫైలులో అన్నిటికంటే కింద ఆ కుర్ర డాక్టరు రాసిన కాగితం ఉంది. తియ్యాలనుకున్నాడు. అప్ప అప్పటికే కాగితాలన్నీ లెక్కపెట్టి సర్దేసింది.

కలకత్తా డాక్టరమ్మకి నలభై ఏళ్లుంటాయేమో, నెమ్మదిగా మాట్లాడే మనిషి. కడుపులోకి సూది పెట్టి తీసిన జిగురు పరీక్ష చేయించింది, స్కాను మళ్లీ మళ్లీ చూసింది. కడుపంతా జిగురు నిండిపోయింది, దాన్ని తయారు చేసే కణాలు ఎక్కడో ఒక చోట పుట్టి పాకాయి, మామూలుగా అయితే అపెండిక్సు మీదే నా అనుమానం అంది. చాలా అరుదైన గడ్డ, చాలామంది డాక్టర్లు జీవితంలో ఒక్కటి కూడా చూడరట. కానీ మీ పాత కాగితంలో అపెండిక్సు నార్మల్ అని ఉంది కదా, అందుకని అండాశయం వైపు చూడాల్సొస్తోంది అని, అదైతే సోమవారం నుంచి సెలైన్‌లో ఎక్కించే కీమో మొదలెడతాం అంది. ఆ రిపోర్టు ఏది అని అడిగింది.

సత్యవాణి గర్వంగా తమ్ముడి వైపు చూపించి, వీడే తెచ్చినాడు డాక్టర్ దీదీ అంది హిందీలో.

ఇంట్లో ఎక్కడో ఉంటుంది అన్నాడు గిరిబాబు. రిపోర్టు దొరక్కపోయినా ఫర్వాలేదు, ఆ ముక్కని మైనంలో పెట్టి ల్యాబులు ఏళ్లపాటు దాస్తాయి, ఆ మైనపు బిళ్ల తెచ్చివ్వండి, మేమే చూసుకుంటాం అంది డాక్టరమ్మ. వైద్యం దాన్ని బట్టే మారుతుంది, తొందరగా తెండి అని కూడా చెప్పింది.

మర్నాడు గురువారం. గిరిబాబు తను వెళ్తానన్నా సత్యవాణి వినలేదు, ఆ కడుపుతోనే రిక్షా ఎక్కి గోల్‌బజార్ వచ్చింది, వెనకే గిరిబాబు. ల్యాబు కౌంటర్లో ఉండేది షైని అనే అమ్మాయి. చర్చి వెనక లైన్లో ఉండే లూకా మేస్త్రి కూతురు, సత్యవాణికి చిన్నప్పట్నుంచి తెలుసు. షైని ఆ పూజ నెల రిజిస్టరు తీసింది, వెనక నెలా చూసింది, ముందు నెలా చూసింది, కంప్యూటర్లో పేరు కొట్టింది. లేదు పిన్నీ, మీ పేరు మీద ఏమీ రాలేదు అంది.

రాలేదంటావేటి, రిపోర్టు ఇచ్చారు కదా అంది సత్యవాణి. షైని మళ్లీ వెతికింది. ఈలోపు జనం పోగయ్యారు. సత్యవాణి గొంతు పెరిగింది. నా ముక్క పారీసి, వేరే వాళ్లది సూసి నార్మల్ అని రాసినారా, నా ప్రాణంతో ఆడుకున్నావా గుంటా అని బజారు మధ్యలో అరిచింది, ఎప్పుడూ ఎవర్నీ ఒక్క మాట అనని మనిషి. షైని రిజిస్టరు ఆమె వైపు తిప్పి చూపించింది. నేను కాదు పిన్నీ, నిజంగా నాకు తెలీదు అంటూ గిరిబాబు వంక చూసింది, అన్నా మీరెప్పుడిచ్చారు, ఎవరికిచ్చారు అని అడిగింది.

గిరిబాబు ఒక్క మాట చెప్తే అయిపోయేది. కాళ్ల దగ్గర నేల చూస్తూ, గుర్తులేదు, పూజ రద్దీ కదా అన్నాడు.

ల్యాబు ఓనరు లోపల్నుంచి వచ్చి చేతులు జోడించాడు. తర్వాత షైనితో ఈ సంగతి తేలేదాకా రావద్దు అన్నాడు. ఆ అమ్మాయి చున్నీతో మొహం తుడుచుకుంటూ కౌంటరు లోపల్నుంచి సంచి తీసుకుని వెళ్లిపోయింది. గిరిబాబు పక్కకి జరిగి దారిచ్చాడు. అంతే అతను చేసింది, దారివ్వడం.

సిగ్గు ఒక్కటే అయితే మోసేవాడేమో, పదహారు నెలలు మోసినవాడే కదా. కానీ సోమవారం కీమో మొదలెడతామని డాక్టరమ్మ అన్న మాట తలలో తిరుగుతోంది. పగులు ఒక ఇరుసులో, మరమ్మతు ఇంకో ఇరుసుకి. శుక్రవారం పొద్దున్నే ఎవ్వరికీ చెప్పకుండా హౌరా లోకల్ ఎక్కాడు, డాక్టరమ్మ గది బయట నాలుగ్గంటలు కూర్చున్నాడు, లోపలికెళ్లి నిలబడే అంతా చెప్పేశాడు. పూజ సెలవులు, టిఫిన్ సంచి, పార, పసుపు, అన్నీ.

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. కాసేపు పెన్ను మూత తీసి పెట్టి, తీసి పెట్టి, కుర్చీ చూపించి కూర్చోమంది. అయితే ఇది అపెండిక్సుదే అని దాదాపు నమ్మొచ్చు, కీమో ఆపేద్దాం, నెమ్మదిగా పెరిగే ఈ రకానికి సెలైన్ మందు పెద్దగా పనిచెయ్యదు అంది. చెయ్యాల్సింది పెద్ద ఆపరేషను. పది గంటలు పట్టొచ్చు. కడుపు తెరిచి జిగురంతా, అది అంటుకున్న పొరల్నీ ఓపిగ్గా తీసెయ్యాలి, తర్వాత వేడి చేసిన కీమో మందుని గంటా గంటన్నర కడుపులోనే తిప్పి కడగాలి, కంటికి కనపడని కణాలు ఏమైనా మిగిలితే చావాలని.

గిరిబాబు అడగలేక అడగలేక అడిగాడు, బతుకుతుందా అని.

కళ్లకి కనపడేదంతా తియ్యగలిగితే, ఇది నెమ్మది రకమే అయితే, పదేళ్లు దాటి బతికేవాళ్లే ఎక్కువమంది అంది. మళ్లీ రావచ్చు కూడా, అందుకని ఏళ్ల తరబడి స్కాన్లు తీస్తూనే ఉండాలి. కోలుకోవడానికి నెలలు పడుతుంది, ఇంట్లోవాళ్లు పక్కన నిలబడాలి, మనసు కూడా గట్టిగా ఉండాలి.

“అప్పుడే పరీక్షకి ఇచ్చి ఉంటే?”

చివర పగిలిందని చెప్పారు కాబట్టి అప్పుడు కూడా కొన్ని కణాలు బయటికి వచ్చే ఉంటాయి అంది డాక్టరమ్మ. ఆర్నెల్లకోసారి స్కాను తీసి కనిపెట్టుకుని ఉండేవాళ్లం, ఇంత నిండక ముందే చిన్న ఆపరేషనుతో అయ్యేదేమో. ఖచ్చితంగా చెప్పలేను, చెప్తే అబద్ధమవుతుంది అంది. ఇంకో మాట, వైద్యానికి కావాల్సింది నాకు చెప్పారు, అది చాలు, మీ అక్కకి చెప్పాలా వద్దా, ఎప్పుడు చెప్పాలి అన్నది మీ ఇంటి సంగతి, నేను మాత్రం ఆమె అడిగితే అబద్ధం చెప్పను.

బయటికొచ్చి మెట్ల మీదే కూర్చుని ల్యాబు ఓనరుకి ఫోన్ చేశాడు. షైని తప్పు లేదు, డబ్బా మీ దగ్గరికి రానే లేదు, ఆ అమ్మాయిని రేపే పిలవండి అన్నాడు. ఎందుకు రాలేదు అని ఓనరు గుచ్చి అడిగితే అదీ చెప్పాడు. చెప్పాక కాస్త ఊపిరి ఆడింది, వెంటనే ఇంకో భయం పట్టుకుంది. గోల్‌బజార్‌లో చెప్పిన మాట న్యూ సెటిల్‌మెంట్‌కి చేరడానికి ఎంతసేపు? సుజాతమ్మ దాకా వస్తే అప్ప దాకా వచ్చినట్టే.

మర్నాడే సత్యవాణిని కలకత్తాలో చేర్చుకున్నారు, నాలుగు రోజుల్లో పరీక్షలన్నీ అయ్యాయి. ఆపరేషను రేపు పొద్దున ఏడింటికి. ఇప్పుడు సాయంత్రం నాలుగైంది, నర్సు వచ్చి సంతకాలు తీసుకుని వెళ్లింది, దగ్గరి బంధువు అన్న చోట సత్యవాణి స్వయంగా తమ్ముడి పేరే రాయించింది. రాధారాణి కింద టీ కోసం వెళ్లింది. విశ్రాంతిగా ఉండాలని చేర్చుకున్న రోజే డాక్టరమ్మ ఫోన్ తీసెయ్యమంది, అందుకే అప్పకి ఇంకా ఏ వార్తా చేరలేదు. కిటికీలోంచి ట్రాము గంట వినిపిస్తోంది.

సత్యవాణి పక్కకి తిరిగి అతని మణికట్టు పట్టుకుంది.

“గిరీ, ఒక మాట అడుగుతాను. ఆ రోజు ఆ పిల్లని బజార్లో అలా అనీసినాను కదా, నాకు నిద్దరట్టట్నేదురా. లూకా కూతురు, నా సేతులమీద తిరిగిన గుంట. ఒకేళ దాని తప్పు నేకపోతే? రేపు ఆ బల్లెక్కితే దిగుతానో నేదో. దిగకపోతే ఆ ఉసురు నాతోనే వచ్చీస్తాది. అందుకని అడుగుతున్నాను, నువ్వే కదా డబ్బా అట్టుకెళ్లినావు. సెప్పు, తప్పు ఎవలది?”

గిరిబాబు నోరు తెరిచాడు. నిజం చెప్తే ఆమె మనసులో షైని భారం దిగుతుంది, కానీ రేపు పది గంటలు ఆ బల్ల మీద ఎవర్ని నమ్ముకుని పడుకోవాలి ఆమె? దగ్గరి బంధువు అన్న చోట ఉన్న పేరుని చూసి ఏమనుకుంటుంది? ల్యాబుదే తప్పు అంటే ఈ రాత్రికి తమ్ముడు మిగులుతాడు, కానీ ఆమె ఆ పిల్ల మీద కోపమూ, జాలీ, అనుమానమూ అన్నీ మోసుకుని లోపలికెళ్తుంది. తర్వాత చెప్తాను అంటే, తర్వాత అనేది ఉంటుందని ఎవరు రాసిచ్చారు? పదహారు నెలలుగా అతను అంటున్నది అదే కదా, తర్వాత, తర్వాత అని.

ఆమె చెయ్యి వదల్లేదు. అతని మొహంలోకే చూస్తోంది. వరండాలో రాధారాణి చెప్పుల చప్పుడు దగ్గరికొస్తోంది.

చెప్పండి, ఆ మంచం పక్కన స్టూలు మీద మీరు కూర్చుని ఉంటే, మీ అప్ప మీ మణికట్టు పట్టుకుని అలా అడిగితే, మీరైతే ఏం చెప్తారు?